టీవీలో డాక్టరు ఒక మాట, మన డాక్టరు మరో మాట చెబితే ఎవరిని నమ్మాలి?

లంక మాస్టారు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. చక్కెర వ్యాధి, రక్తపోటు చాలాకాలంగా ఉన్నాయి. రక్తపోటుకు టెల్మిసార్టన్ మాత్ర వాడుతున్నారు. ఉదయం ఒక చానెల్లో వచ్చే ఆరోగ్య కార్యక్రమాన్ని ఆవిడ తప్పకుండా చూస్తారు. ఈ మధ్య అందులో మాట్లాడిన ఒకాయన, కొబ్బరినీళ్లు మూత్రపిండాలను కడిగి శుభ్రం చేస్తాయనీ, ఎంత తాగినా నష్టం లేదనీ చెప్పారట. మాది కొబ్బరితోటలో ఇల్లు కాబట్టి బొండాలకు కొదవ లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగుతూ వచ్చారు. మొన్న మామూలుగా చేయించే రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పని తగ్గితే రక్తంలో పెరిగేది) 1.6, పొటాషియం 5.7 వచ్చాయి. మా డాక్టరు గారు రిపోర్టు చూడగానే బొండాలు మానిపించి, వారంలో మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

అమ్మ మాత్రం, "టీవీలో చెప్పినాయనా డాక్టరే, ఈయనా డాక్టరే, ఇద్దరిలో ఎవరి మాట వినాలి?" అని అడుగుతున్నారు. ఆవిడ ప్రశ్న చాలా న్యాయమైనదని నాకు అనిపించింది. ఆ కార్యక్రమాన్ని నేను కూడా కూర్చుని శ్రద్ధగా చూశాను. తెల్ల కోటు, మెడలో స్టెతస్కోపు, వెనుక ఆసుపత్రి పేరున్న పెద్ద తెర, కింద ఫోన్ నంబరుతో స్క్రోలింగ్, ప్రతి మాటకూ తల ఊపే యాంకరు కనిపించారు. ఆయన ఏ విభాగంలో ఏ డిగ్రీ చదివారన్నది మాత్రం చివరిదాకా తెలియలేదు. ఇది కార్యక్రమమా, ప్రకటనా? ఇలాంటి వాటికి నిబంధనలేమైనా ఉన్నాయా? పెద్దవాళ్లకు దీన్ని ఎలా వివరించాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

గౌతమి తీరం (జనరల్ ఫిజీషియన్, కాకినాడ)

మాస్టారూ, ముందు అమ్మగారి సంగతి చెబుతాను. మీ డాక్టరు గారు చేసింది సరైన పని. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బొండంలో 300 మిల్లీలీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే, ఒక్కసారికే 750 మిల్లీగ్రాముల దాకా ఒంట్లోకి చేరుతుంది. మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో అవసరానికి మించిన పొటాషియం మూత్రంతో పోతుంది. ఎండలో కోత కోసి వచ్చినవారికి కొబ్బరినీళ్లు నిజంగానే మేలు చేస్తాయి. మూత్రపిండాల పని కొంత తగ్గినవారిలో మాత్రం ఆ పొటాషియం రక్తంలోనే నిలిచిపోతుంది. పైగా టెల్మిసార్టన్ వంటి మందులు కూడా పొటాషియం బయటికి పోకుండా కొంత ఆపుతాయి. రక్తంలో 3.5 నుంచి 5 వరకు ఉండవలసిన పొటాషియం 6 దాటిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చాలామందిలో అంతవరకు బయటికి ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి, రక్తపరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

అంటే టీవీలో ఆయన చెప్పిన మాట కొందరికి పనికివస్తుంది, మీ అమ్మగారికి ప్రమాదం తెస్తుంది. ఎవరికి అన్న ముక్క అందులో లేదు. వైద్యుడి నైపుణ్యమంతా ఆ ముక్కలోనే ఉంటుందని నేను నమ్ముతాను. నా దగ్గరకు వచ్చిన మనిషి "కొబ్బరినీళ్లు తాగవచ్చా?" అని అడిగితే, వయసెంత, ఏ మాత్రలు వాడుతున్నారు, పాత రిపోర్టులు ఉన్నాయా, కాళ్లు వాస్తున్నాయా, మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగిన తర్వాతే అవునో కాదో చెప్పగలను. టీవీ ఫోన్ ఇన్ కార్యక్రమంలో జరిగేది వేరు. ఎక్కడో రాజోలు నుంచి ఒక పెద్దాయన లైనులోకి వస్తారు. టీవీ వాల్యూమ్ తగ్గించమని యాంకరు రెండుసార్లు చెప్పేసరికే సగం సమయం గడిచిపోతుంది. ఆయన తన బాధను ఇంకా పూర్తిగా చెప్పకముందే, "సరేనండీ, డాక్టరు గారు సమాధానం చెబుతారు, టీవీలో చూడండి" అని లైను తీసేస్తారు. ఆ తర్వాత వైద్యుడు చెప్పేదంతా, తిరిగి ఒక్క ప్రశ్న అడగడానికైనా అందుబాటులో లేని మనిషికి చెప్పే సమాధానమే. ఆ వైద్యుడు ఎంత చదివినవారైనా, ఎంత మంచివారైనా, ఆ పద్ధతిలో వైద్యం చేయడం సాధ్యం కాదు. దాన్ని చూస్తున్న వేలమందిలో ప్రతి ఒక్కరూ ఆ సమాధానం తమకే చెప్పారనుకుంటారు.

చదువు ఉంటే చాలదన్న దానికి బయటి దేశపు ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో "డాక్టర్ ఆజ్ షో" చాలా ఏళ్లు నడిచింది. ఆయన పేరున్న గుండె శస్త్రవైద్యుడే. ఆ కార్యక్రమంలో 2013లో ఇచ్చిన సలహాల్లో 80ని కెనడా పరిశోధకులు ఎంచుకుని, ఒక్కోదానికీ వైద్య పరిశోధనల్లో ఆధారం ఉందో లేదో వెతికారు. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం 46 శాతం సలహాలకు ఆధారం దొరికింది, 15 శాతం సలహాలకు ఉన్న ఆధారాలు వ్యతిరేకంగా ఉన్నాయి, 39 శాతానికి ఆధారమే దొరకలేదు. సలహా ఇచ్చినవారికి దాని వల్ల సొంత ప్రయోజనం ఏమైనా ఉందా అన్నది చెప్పిన సందర్భాలు నూటికి ఒకటి కూడా లేవు. మన తెలుగు కార్యక్రమాలను కూడా ఎవరైనా ఇదే పద్ధతిలో పరిశీలిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

నిబంధన కూడా ఉంది. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించి 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రజారోగ్యం గురించి, పరిశుభ్రమైన జీవనం గురించి వైద్యులు రేడియోలో, టీవీలో మాట్లాడవచ్చు. తనను తాను ప్రచారం చేసుకునేలా, రోగులను తన దగ్గరకు రప్పించుకునేలా జబ్బుల గురించి, చికిత్సల గురించి ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చినా, అదే నెలలో వాటిని పక్కన పెట్టి 2002 నాటి వాటినే తిరిగి అమలులోకి తెచ్చారు. మీరు చెప్పిన కార్యక్రమంలో మాట్లాడే మనిషి వెనుక ఆసుపత్రి పేరు, కింద ఫోన్ నంబరు ఉన్నాయంటే, అది ఈ రెండింటిలో ఏ వైపుకు వస్తుందో మీరే ఆలోచించండి.

పుష్కరఘాట్ (రాజమహేంద్రవరం)

నేను కొంతకాలం ఒక ప్రాంతీయ చానెల్లో కార్యక్రమాల తయారీ విభాగంలో పనిచేశాను. మాస్టారు అడిగిన "కార్యక్రమమా, ప్రకటనా?" అన్న ప్రశ్నకు నేను చూసినంతవరకు చెబుతాను.

నేను పనిచేసిన చోట ఉదయం అరగంట స్లాట్లలో చాలావరకు ఆసుపత్రులో, మందుల వ్యాపారులో డబ్బు కట్టి తీసుకున్నవే. ఎవరు కూర్చుంటారో వాళ్లే నిర్ణయించేవారు. యాంకరు అడగవలసిన ప్రశ్నల కాగితం కూడా ఆసుపత్రి ప్రచార విభాగం నుంచే వచ్చేది. యాంకరుకు వైద్యం తెలియదు, తెలుసుకునే వ్యవధి కూడా ఇవ్వరు. కాగితంలో లేని ప్రశ్న అడిగితే స్లాటు కొన్నవారు నొచ్చుకుంటారన్న భయం కూడా ఉండేది. తెల్ల కోటు కూడా అంతే, స్టూడియోలో రోగి ఎవరూ లేకపోయినా కోటు వేసుకునే రమ్మని మేమే చెప్పేవాళ్లం, ఎందుకంటే కోటు లేని మనిషి చెబితే చూసేవారికి నమ్మకం కలగదని పైవారి అభిప్రాయం. కార్యక్రమం మొదట్లో "ఇందులోని అభిప్రాయాలతో చానెల్‌కు సంబంధం లేదు" అనే పలక ఒకటి క్షణకాలం కనిపించేది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దవాళ్లు దాన్ని చదివే లోపలే అది మాయమైపోయేది. అన్ని చానెళ్లూ ఇలాగే ఉంటాయని నేను అనను. మంచి వైద్యులను డబ్బు అడగకుండా పిలిచి, ప్రశ్నలు మేమే రాసుకున్న కార్యక్రమాలు కూడా మా దగ్గరే కొన్ని నడిచాయి. వాటికి ప్రకటనలు దొరకక అవి ఎక్కువ కాలం నిలవలేదు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నిబంధనల్లో ప్రకటనల నియమావళి ఉంది. ప్రకటన అన్నది కార్యక్రమం నుంచి స్పష్టంగా వేరుగా కనిపించాలని, గంటకు మొత్తం 12 నిమిషాలకు మించకూడదని అందులో ఉంది. వస్తువుకు గానీ, అందులోని పదార్థానికి గానీ నిరూపించడానికి వీలుకాని అద్భుత గుణాలు ఉన్నట్లు చూపించకూడదని కూడా ఉంది. అరగంట మొత్తం ఒకే ఆసుపత్రి గురించి నడిచినా దానిని ప్రకటన అని పిలవకపోవడం వల్లనే ఈ నియమం దాన్ని పట్టుకోలేకపోతోంది.

మాస్టారికి ఒక చిన్న సూచన. ఈసారి కార్యక్రమం చివర వచ్చే పేర్లను, "సమర్పణ" అన్న మాట పక్కన ఏముందో చూడండి. ఆ తర్వాత అదే వైద్యుడు అదే కోటుతో ఇంకో చానెల్లో, అదే వాక్యాలతో, అదే ఫోన్ నంబరుతో కనిపిస్తున్నారేమో గమనించండి. అలా కనిపిస్తే స్లాటు కొన్నదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు.

ఏఎన్ఎం అక్క (పాలకొల్లు వైపు)

పైన ఇద్దరు గారూ చెప్పినవి నిజమే. అయితే ఊళ్లలో తిరిగే మనిషిగా రెండో వైపు కూడా చెప్పకపోతే నాకు మనసొప్పదు. రొమ్ములో గడ్డ ఉందని, తెల్లబట్ట అవుతోందని, గర్భసంచి జారిందని మా ఊళ్లలో ఆడవాళ్లు ఒకప్పుడు ఎవరికీ చెప్పేవారు కాదు. టీవీలో ఒక డాక్టరమ్మ ఆ మాటలు సిగ్గుపడకుండా, మర్యాదగా పలకడం విన్న తర్వాత, "నాకూ అలాగే ఉందమ్మా" అని మా దగ్గరకు వచ్చి చెప్పినవారు ఉన్నారు. పక్షవాతం వచ్చినప్పుడు మూతి వంకరపోవడం, చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడడం చూసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్న సంగతి చాలా ఇళ్లకు టీవీ ద్వారానే చేరింది. అందువల్ల టీవీ కట్టేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఉదయపు కార్యక్రమం కంటే రాత్రి వార్తలు. మన డెల్టాలో బోదకాలు ఎంత పాత జబ్బో అందరికీ తెలుసు. ఆ జబ్బుకు వాడే డీఈసీ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషితో వచ్చింది. ఆయన 1895లో పుట్టింది మన భీమవరంలోనే. ఆ మాత్రలు ఇంటింటికీ పంచిన రోజుల్లో, కొందరికి కళ్లు తిరగడం, జ్వరం, వాంతులు రావడం మామూలే. ఒంట్లో ఉన్న ఫైలేరియా సూక్ష్మక్రిములు మందుకు చచ్చిపోతున్నప్పుడు ఆ లక్షణాలు వస్తాయి. అంటే క్రిములు ఎక్కువగా ఉన్నవారిలోనే అవి ఎక్కువగా కనిపిస్తాయి, సాధారణంగా త్వరలోనే తగ్గిపోతాయి. భోజనం చేసిన తర్వాతే వేసుకోమని, గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వకూడదని మేము ప్రతి ఇంట్లో చెబుతాం. ఎక్కడో ఒక బడిలో పిల్లలకు వాంతులు అయ్యాయంటే, వికటించిన మాత్రలు అంటూ ఎర్రటి అక్షరాలు రోజంతా తెర మీద తిరుగుతాయి. మర్నాడు పిల్లలంతా ఇంటికి వెళ్లిపోయారన్న వార్త మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ తర్వాత నేను వెళ్లిన ఇళ్లలో మాత్ర చేతిలోకి తీసుకుని, "తర్వాత వేసుకుంటామండీ" అని గూట్లో పెట్టేసినవారు ఎందరో. మా ఎదురుగానే మింగమని మేము పట్టుబట్టేది అందుకే. అలాంటి రోజున ఒక్క వైద్యుణ్ణి పిలిచి, ఆ లక్షణాలు ఎందుకు వస్తాయో రెండు నిమిషాలు చెప్పించి ఉంటే మా పని ఎంతో తేలికయ్యేది.

తమ్మిలేరు (న్యాయవాది, ఏలూరు)

అక్కగారు వార్తల సంగతి ఎత్తారు కాబట్టి మా ఊరి అనుభవం రాయడం అవసరమనుకుంటున్నాను. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో 500 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. ఎయిమ్స్ నుంచి, జాతీయ పోషకాహార సంస్థ నుంచి, ఇతర కేంద్ర సంస్థల నుంచి నిపుణులు వచ్చి రక్తం, నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకున్నారు. ఆ నమూనాల ఫలితాలు రావడానికి రోజులు పడుతుంది. చర్చా కార్యక్రమాలు అంతవరకు ఆగలేకపోయాయి. ఒక పూట తాగునీరు, మరో పూట బ్లీచింగ్, ఇంకో పూట అంతుచిక్కని కొత్త వైరస్ అంటూ మాటలు సాగాయి. పేషెంటును చూడనివారు, నమూనా ముట్టనివారు కూడా స్టూడియోల్లో కారణాలు చెప్పారు. మా వీధిలో కుళాయి నీళ్లు మానేసి అందరూ టిన్నుల కోసం పరుగెత్తారు. కొన్న టిన్ను నీళ్లు ఎక్కడివన్నది ఎవరూ అడగలేదు.

చివరికి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. ఆ రోజుల్లో జనానికి నిజంగా అక్కరకు వచ్చే సంగతులు రెండే ఉన్నాయి. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటడం లేదన్నది ఒకటి, ఎక్కువమంది త్వరగానే కోలుకుని ఇంటికి వెళుతున్నారన్నది రెండోది. ఆసుపత్రిలో ఉన్న వైద్యులు ఆ రెండూ చెబుతూనే ఉన్నారు, కారణం ఇంకా తెలియదని కూడా చెప్పారు. తెలియదు అని చెప్పిన మనిషికి తెర మీద దొరికిన చోటు, తెలుసు అన్న మనిషికి దొరికిన దాంట్లో పావు వంతు కూడా లేదు. నా దృష్టిలో అక్కడ అసలైన నిపుణుడు ఆ తెలియదు అన్న మనిషే.

ఇక ఫిర్యాదు సంగతి. 2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడు ముందుగా చానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. చానెల్ 24 గంటల్లో అందినట్లు తెలపాలి, 15 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అది సంతృప్తిగా లేకపోతే చానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్ర ప్రభుత్వానికి వెళ్లవచ్చు. మందు గురించి ప్రకటన అయితే 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం ఉంది. చక్కెర వ్యాధి, క్యాన్సర్, పక్షవాతం వంటి జబ్బుల జాబితా అందులో ఉంది, వాటిని నయం చేస్తామని మందును ప్రకటించడమే నేరం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఫిర్యాదు రాసేటప్పుడు చానెల్ పేరు, తేదీ, సమయం, అన్న మాట యథాతథంగా ఉండాలి. ఫోనుతో తెరను వీడియో తీసి ఉంచుకుంటే మరీ మంచిది. "ఎంత తాగినా నష్టం లేదు" అన్న ఆ వాక్యం మీ దగ్గర రికార్డు అయి ఉంటే, మాస్టారూ, ఫిర్యాదు ముసాయిదా నేను రాసి పెడతాను, రుసుము ఏమీ అక్కర్లేదు.

లంక మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. తమ్మిలేరు గారూ, ఆ భాగం చానెల్ వారే యూట్యూబ్‌లో పెట్టారు, తేదీ, నిమిషంతో సహా మీకు పంపుతాను. పేరు కింద వచ్చే పట్టీలో వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, విభాగం, స్లాటుకు డబ్బు ఎవరు కట్టారన్న సంగతి తప్పనిసరిగా వేయాలని కూడా ఆ ఫిర్యాదులో అడగవచ్చా? మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నప్పుడు తెర మీద ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కావడం లేదు.

గౌతమి తీరం గారూ, అమ్మకు మీరు రాసింది చదివి వినిపించాను. "నన్ను ఏమీ అడగకుండా ఆయన ఎలా చెప్పాడు?" అని ఆవిడే అన్నారు. కార్యక్రమం మాత్రం మానరట. చూడనివ్వవచ్చా?

తమ్మిలేరు

అడగవచ్చు. చానెల్ దానికి కట్టుబడి ఉండకపోవచ్చు, కానీ సూచనగా రాస్తే స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లినప్పుడు అది కాగితం మీద ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉందో లేదో రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో చూసి, ఆ వివరం కూడా ఫిర్యాదుకు జతచేద్దాం.

గౌతమి తీరం

చూడనివ్వండి మాస్టారూ. ఏఎన్ఎం అక్కగారు చెప్పినది కూడా నిజమే, జబ్బు లక్షణాలను గుర్తించడానికి, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోవడానికి ఆ కార్యక్రమాలు పనికివస్తాయి. ఏదైనా కొత్తగా తినమన్నా, తాగమన్నా, ఉన్న మాత్ర ఆపమన్నా మాత్రం ఆ రోజే మొదలుపెట్టకుండా, ఒక నోటు పుస్తకంలో రాసుకుని మీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లేటప్పుడు తీసుకువెళ్లమనండి. ఆ పుస్తకంతోపాటు వాడుతున్న మాత్రల అట్టలు, పాత క్రియాటినిన్ రిపోర్టులు కూడా తీసుకువెళ్లండి. వారం తర్వాత చేయించే పొటాషియం పరీక్షకు రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించి వదలవద్దని అమ్మగారికి చెప్పండి, అలా చేస్తే ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. అరటిపండ్లు, టమాటా రసం కూడా ఆ ఫలితం వచ్చేదాకా తగ్గించండి. మధ్యలో నీరసం ఎక్కువైనా, గుండె దడగా ఉన్నా, కాళ్లలో సత్తువ తగ్గినట్లు అనిపించినా, వారం ఆగకుండా అమలాపురంలో వెంటనే ఈసీజీ తీయించండి.